సీసాలమ్మ నింపిన తొమ్మిది గళ్లు

గిన్నెలు తోమి చేతులు తుడుచుకుందో లేదో, మొగుడు బండి పుస్తకం తెచ్చి ఆమె ముందు పడేశాడు. గని మేనేజరు జీపు నడుపుతాడతను. జీపు ఏ రోజు ఎక్కడికెళ్లిందో రాసి, మర్నాడు మేనేజరు చేత సంతకం పెట్టించాలి. రాతకి చేయి తిరగదంటూ పెళ్లైన కొత్తలో ఒక్కరోజు రాసిపెట్టమన్నాడు. ఆ ఒక్కరోజుకి ఇప్పుడు పదకొండేళ్లు. అతను మంచం మీద వాలి చెబుతాడు, ఆమె నేల మీద కూర్చుని రాస్తుంది.

పగలు ఆమెకీ ఆ గనిలోనే ఉద్యోగం. గని వదిలే నీళ్లు వాగులో కలిసే చోట, ప్రతి గురువారం ఆ జీపులోనే వెళ్లి మూడు సీసాలు నింపి, మంచుపెట్టెలో పెట్టి, పొద్దు వాలకముందే పరీక్షకు చేర్చాలి. ఆఫీసులో ఆమె పేరే సీసాలమ్మ అయిపోయింది. అత్తగారైతే మొదటి జీతం రోజునే మూతి తిప్పుకుంది. "నీళ్లు పట్టడానికి కూడా జీతమా తల్లీ? మేం ఊరికే పట్టి చచ్చాం." ఆ మాటలో ఎగతాళి ఎంతుందో ఏడుపూ అంతే ఉందని ఆమెకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఈ ఏడాది తొమ్మిది గురువారాలు ఆమెకు జీపు ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా వచ్చే వారం చూద్దాంలే అన్నారు. ఒకసారి ఉండబట్టలేక పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచే వెళ్లింది. తిరిగొచ్చేసరికి మంచు కరిగిపోయి, సీసాలు వేడెక్కి, పరీక్షవాళ్లు పనికిరావని తోసేశారు. అంత ఎండలో నిన్నెవరు వెళ్లమన్నారమ్మా అని మేనేజరు నవ్వాడు. వాగు దిగువన ఆడవాళ్లు ఆ నీళ్లే కాచి పిల్లలకు పోస్తారు. ఇన్నాళ్లూ పట్టుకెళ్లావు గదా, ఏం తేల్చారని ఒక ముసలామె అడిగితే, వచ్చే వారం చెబుతానని వచ్చేసింది.

ఇప్పుడు పైనుంచి నోటీసు వచ్చింది. ఆ తొమ్మిది వారాల పరీక్షలు చూపించకపోతే గనికి జరిమానా, అదీ గట్టిది. రేపే తనిఖీ. మేనేజరు ఖాళీ గళ్ల రిజిస్టరు ఇచ్చి ఇంటికి పంపాడు. పాత అంకెలే కాస్త అటూ ఇటూ చేసి రాసి, సంతకం పెట్టాలట. కాదంటే, నిర్లక్ష్యమంతా ఆమెదేనని రాసి ఉద్యోగం పీకేస్తారట. రాసినా దొంగ ఆమే, రాయకపోయినా దొంగ ఆమే. రోట్లో తల ఆమెది, రోకలి వాళ్లది.

మొగుడు ఆవులించాడు. "ఏముందే అందులో? ఇంట్లో బిందెలన్నీ నింపేదానివి, తొమ్మిది గళ్లు నింపలేవా? నా ఉద్యోగం కూడా కాస్త చూడు."

ఆ తొమ్మిది గురువారాలు జీపు ఎక్కడ తిరిగిందో ఇతను ఈ మంచం మీద నుంచే చెప్పాడు. ఆమె ఈ చేత్తోనే రాసింది. రాసిన ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చింది, ఇంట్లో గొడవెందుకని ప్రతిసారీ మింగింది. ఇంకెంత మింగాలి? వాగు నీళ్లు మింగేవాళ్లని అడగనా?

బండి పుస్తకం ఒక పక్క, రిజిస్టరు ఒక పక్క పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. అది చూసి, బుద్ధొచ్చిందిలే అనుకుంటూ అతను అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు.

"గురువారం. జీపు మేనేజరుగారి భార్యను దర్జీ దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లు పట్టలేదు. గురువారం. జీపు మేనేజరుగారి బావమరిదిని రైలెక్కించింది. నీళ్లు పట్టలేదు."

అలా తొమ్మిది గళ్లూ నిండి ఉన్నాయి. నడిచి వెళ్లిన వారం గడిలో మాత్రం, నీళ్లు పట్టాను, దారిలో మంచు కరిగింది అని ఉంది. ప్రతి గడి కిందా ముత్యాల్లాంటి ఆమె సంతకం. గుమ్మంలో నిలబడ్డ మొగుడి చేతిలోంచి జీపు తాళాలు జారి పడ్డాయి. మేనేజరు గొంతు సవరించుకుని, ఆడమనిషి, ఏదో కోపంలో రాసిందండీ అన్నాడు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "జీపు ఎక్కడికెళ్లిందో నీకెలా తెలుసమ్మా?"

ఆమె సంచిలోంచి బండి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా ఇంటిపనండీ. గిన్నెలు తోమాక రోజూ రాస్తాను. కింద సంతకాలు మాత్రం మేనేజరుగారివే."