రెండో చుక్క

రోజూ పొద్దున్నే అమ్మమ్మ వేలికి సూది గుచ్చడం నా పని. అమ్మమ్మే మా అత్తగారు కూడా. నన్ను మేనమామకే ఇచ్చారు; పెళ్ళయినా మామయ్య అనే పిలుస్తాను. షుగర్ మిషను స్ట్రిప్పు మీద చుక్క పడగానే సన్నని కరెంటు పుట్టి అంకెగా మారుతుంది. కారంపూడి హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి ఆ సంగతి తెలుసు.

మా పాప దీపికకు ఎనిమిది నెలలొచ్చినా మెడ నిలవలేదు. జబ్బు పేరు తేలకముందే పోయింది. గుంటూరులో పరిశోధన చేసే నా స్నేహితురాలు వందన దగ్గరా ఇలాంటి స్ట్రిప్పే ఉంది. దాని మీద కంటికి ఆనని బంగారు రేణువులు, వాటికి అతికించిన, పిల్లలకు మెడ నిలవని జబ్బు తెచ్చే లోపానికి సరిపడే డీఎన్‌ఏ పోగు. మన రక్తంలోంచి తీసిన డీఎన్‌ఏలో దానికి జతపడే పోగు ఉంటే వచ్చి పెనవేసుకుంటుంది, కరెంటు మారుతుంది. అంత చిన్న మార్పు కూడా తెలిసేది ఆ రేణువుల వల్లే. నా రక్తంలో లోపం కనిపించింది. పెద్ద ల్యాబులోనూ అదే తేలింది. "తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బిడ్డకు జబ్బు. ఆయనదీ పట్టుకురా" అంది వందన, మామయ్య పేరు రాసిన ఖాళీ ట్యూబు ఇస్తూ.

ఇంట్లో ఆ ల్యాబు కాగితం నా మీదే సాక్ష్యమైంది. "నీ పేపర్లోనే ఉందిగా, ఇంక నాకెందుకు సూదులు? మళ్ళీ కంటే సరిపోద్ది" అన్నాడు మామయ్య. అమ్మమ్మ చుట్టాలందరికీ చెప్పింది, "దాని రక్తంలోనే ఉందంట" అని. పదో తరగతికి అనువంశికత చెప్పే నేను ఈ వంటింట్లో నోరు విప్పలేకపోయాను.

ఈ పొద్దున సూది గుచ్చి, చుక్క పడిన స్ట్రిప్పు తీస్తుంటే తోచింది. మా అమ్మనూ, మామయ్యనూ కన్నది ఈమే. నా లోపం అమ్మ ద్వారా ఈమె నుంచే వచ్చి ఉంటే, మామయ్యకూ వచ్చి ఉండొచ్చు.

"అమ్మమ్మా, వందనకు పంపడానికి ఇంకో చుక్క ఇస్తావా?"

తిడుతుందనుకున్నాను. తల వంచుకుంది.

"మీ మామయ్యకు ముందు ఇద్దరు పోయారే. ఇద్దరికీ మెడ నిలబళ్ళా."

"మరి నన్నెందుకన్నావు?"

"నన్ననలా? నీ కడుపు మంచిది కాదని మా అత్త చచ్చేదాకా అనింది. నీ పేపరొచ్చినాక, నాది కాదులే అనుకున్నా." వేలు చాపింది. "తీసుకో. వాడికి మాత్రం చెప్పమాక."

నొక్కితే చుక్క వస్తుంది. రేపు మామయ్య అనబోయేది ఇప్పుడే వినబడింది: "మా అమ్మ రక్తంలోదేనంట, ఇంక నాకెందుకు?" ఆయన ట్యూబు ఖాళీగానే ఉంటుంది.

దూదితో వేలు అద్ది వదిలేశాను. ఈ ఇంటికి ఇంకో ఆడదాని పేరు మీద కాగితం నేను తేను. మామయ్య ట్యూబు నిండేదాకా బిడ్డనూ కనను. ఆ మాట ఇక్కడ చెల్లుతుందో లేదో నాకు తెలియదు.