మెలేసిన తీగలు

మా సారిక పరీక్ష తప్పింది. ఈ మాట నేను చెప్పగానే కాలనీలో ప్రతివాడూ అయ్యో పాపం అన్నట్టు మొహం పెడతాడు. ఆ మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను గొప్పగా చెప్పుకుంటుంటే వీళ్లు నన్ను ఓదార్చడమేమిటి? ముందు పూర్తిగా వినండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చిన మొహం పెట్టుకోండి.

నా పేరు స్తెఫను. గోదావరిఖని బొగ్గుబావుల్లో ఇరవై ఏడేళ్లు షాట్ ఫైరర్‌గా చేసి మూడేళ్ల కింద రిటైరయ్యాను. షాట్ ఫైరర్ అంటే బొగ్గుకు వేసిన రంధ్రాల్లో మందు నింపి, తీగలు కలిపి, అందరినీ దూరం పంపి పేల్చేవాడు. పేల్చే పెట్టె తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి, మేనేజరు అడిగినా ఇవ్వకూడదు. ఆ చెవి నా జేబులో ఉన్నన్నాళ్లూ భూమి కింద నాకు ఎదురు చెప్పినవాడు లేడు. భూమి మీద మాత్రం మా ఆవిడ సుసన్నా ఉంది.

సారిక మాకు ఒక్కతే కూతురు. కంపెనీ సబ్‌స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్. తోటివాళ్లంతా డ్యూటీ దిగి ఫోన్లు పట్టుకుంటే ఇది అట్ట గొట్టాలు పట్టుకుంటుంది. రాకెట్లు చేస్తుంది. దీపావళికి సీసాలో పెట్టి కాల్చేవి కావు. రెండు మూరల గొట్టం, కింద పలచటి చెక్కతో మూడు రెక్కలు, లోపల మడతపెట్టిన గుడ్డ గొడుగు. అడుగున బొటనవేలంత మోటారు ఉంటుంది, అది పార్సిల్‌లో వస్తుంది. దూరం నుంచి మీట నొక్కితే మోటారు అంటుకుని రాకెట్ పైకి పోతుంది, గొడుగు విచ్చుకుని మెల్లగా దిగుతుంది. దాన్నే మళ్లీ ఎగరెయ్యవచ్చు.

మొదట్లో నేను తిట్టాను. "నేను జీవితమంత మందుతోని బతికిన, నువ్వు కూడ గదే పట్టుకుంటవా?" అన్నాను. కానీ మొదటిసారి దాని రాకెట్ లేచినప్పుడు వచ్చిన ఆ పొగ వాసన నా ముక్కుకు తగిలింది చూడండి, అంతే. మర్నాటి నుంచి గొట్టాలకు జిగురు రాసే పని నాది. గొడుగులు కుట్టే పని సుసన్నాది. సణుగుతూనే కుడుతుంది, ఇంకొకరిని మిషను ముట్టనివ్వదు. అందుకే ఆరో రాకెట్‌కు "సుసన్నా" అని నేనే పేరు పెట్టాను. చిటికెలో లేస్తుంది, దిగడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

"నా పేరు పెట్టినవ్ గద, అది గిట్ల నేల మీద పగిలితే నీకు బువ్వ పెట్ట" అంది సుసన్నా.

మా బాధల్లా ఒకటే, ఎగరెయ్యడానికి వీల్లేదు. సారిక చేరిన రాకెట్ల క్లబ్బు రూలు ప్రకారం లాంచ్ ఆఫీసర్ దగ్గరుండి తాళంచెవి తిప్పితేనే రాకెట్ లేవాలి. ఆ ఆఫీసర్లంతా హైదరాబాద్‌లోనే ఉన్నారు. రెండేళ్లలో పిల్ల పదకొండు రాకెట్లు చేస్తే ఎగిరినవి మూడు. మిగతావి బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. సారికే ఆఫీసర్ అయితే, మా ఊళ్లోనే, మా నేల మీదే ఎగరెయ్యవచ్చు. దానికి పరీక్ష ఏడాదికి ఒక్కసారే. ఈ ఫిబ్రవరిలో ఆ క్లబ్బు వాళ్లు మా దగ్గరికే, బసంత్‌నగర్‌లో విమానాలు రాక పాడుబడ్డ రన్‌వే మీదికి వచ్చారు. రాకెట్‌లో కోడిగుడ్డు పెట్టి పైకి పంపి పగలకుండా దింపాలి. అంతా పది నిమిషాల్లో కావాలి. నెల రోజులు పిల్లకు అన్నం సయించలేదు.

పరీక్ష ఆదివారం పడింది. చర్చి ప్రార్థన మానేశామని సుసన్నా దారంతా నన్నే తిట్టింది. గుడ్డు మాత్రం నాలుగు దుకాణాలు తిరిగి తనే ఏరింది. మరమరాల మధ్య తనే సర్దింది.

మా వంతు పదిన్నరకు వచ్చింది. సారిక "సుసన్నా" రాకెట్‌ను నిలబెట్టిన ఇనుప కమ్మీకి తొడిగి, గాలి ఎటు వీస్తోందో చూడటానికి పక్కకు వెళ్లింది. తీగల పని నాకు అప్పజెప్పింది. డబ్బాలోంచి ఇగ్నైటర్ తీశాను. మోటారు మూతిలో దూర్చే సన్న తీగ అది, కరెంటు తగిలితే ఎర్రగా కాలి మోటారును అంటిస్తుంది. అది మోటారులాగా కొన్నది కాదు, సారిక స్వయంగా చేసింది. చేతికి రాగానే దాని రెండు కొసలూ కలిపి గట్టిగా మెలేశాను. బావిలో మేము నేర్చే మొదటి పాఠం అది. ఎక్కడినుంచో దొంగ కరెంటు వచ్చి మందు చేతిలోనే పేలకుండా తీగలు మెలేసి ఉంచాలి, పెద్ద కేబులుకు తగిలించే ముందే విప్పాలి.

సరిగ్గా అప్పుడే క్లబ్బు పెద్ద జగదీశ్వర్ గారు వచ్చారు. నెరిసిన గడ్డం, మెడలో విజిల్.

"మీరు షాట్ ఫైరర్‌గా చేశారట. ఎన్నేళ్లండీ?" అన్నారు.

అడగక అడగక అడిగారు. ఇరవై ఏడేళ్లు అని మొదలుపెట్టి, ఎన్ని వేల షాట్లు కొట్టిందీ, ఒక్కడికీ గీత పడకుండా ఎట్లా పనిచేసిందీ అంతా చెప్పాను. నోరు మాట్లాడుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇగ్నైటర్‌ను మోటారులో దూర్చి, కేబులు క్లిప్పులు తగిలించేశాను.

సారిక వచ్చింది. "బాపు, తీగలు చూసినవా?"

"నాకే చెప్తున్నవా? నువ్వు పుట్టకముందు నుంచి తీగలు చూస్తున్న" అని కసురుకున్నాను. పిల్ల తీగలు చూడకుండానే వెనక్కి తిరిగింది.

అందరం దూరంగా గీసిన సున్నపు గీత వెనక్కి వచ్చాం. సారిక మీట ఉన్న పెట్టెలో తాళంచెవి పెట్టి తిప్పింది. పెట్టె మీద దీపం వెలిగింది, అంటే తీగ ఎక్కడా తెగలేదన్నమాట. అయిదు నుంచి వెనక్కి లెక్కపెట్టి మీట నొక్కింది. రాకెట్ కదల్లేదు. మళ్లీ నొక్కింది. పొగ కూడా రాలేదు.

చెవి తీసి జేబులో వేసుకుంది.

"నిమిషం ఆగి వెళ్లి చూసుకోండమ్మా. ఇంకా ఆరు నిమిషాలున్నాయి, ఇగ్నైటర్ మార్చుకోవచ్చు" అన్నారు జగదీశ్వర్ గారు.

సారిక కదల్లేదు. "సార్, నిమిషం రూలు కొన్న ఇగ్నైటర్‌కు. ఇది నేను చేసింది. లోపట నిప్పు మిగిలిందో లేదో నాకు తెల్వది. మా ఇంట్ల లెక్క అరగంట."

"అరగంట ఆగితే మీ టైం అయిపోతుంది."

"అయిపోని సార్."

ఆ అరగంట నాది. పేలని షాట్ దగ్గరికి అరగంట దాకా పోవద్దు. రూలు పుస్తకంలో ఏమున్నా నా లెక్క అదే. చిన్నప్పుడు దాన్ని పక్కన పడుకోబెట్టుకుని రాజుల కథలు చెప్పలేదు నేను, ఇవే చెప్పాను. ఇప్పుడు ఆ మాటే పిల్ల కాళ్లకు అడ్డం పడింది. నిలువునా కుంగిపోయాను.

అప్పుడు, అట్లా నిలబడి బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసుకుంటుంటే, నాకు తట్టింది. మెలేసిన గుర్తు ఉంది. విప్పిన గుర్తు లేదు. కొసలు మెలేసి ఉంటే కరెంటు ఆ ముడి దగ్గరే చుట్టు తిరిగి పోతుంది, లోపలికి వెళ్లదు. దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మేము క్రైస్తవులం, మాకు పుడకలు లేవు, శవపెట్టె. దాంతో గానీ పోయేట్టు లేదు ఈ నా బుద్ధి.

"బిడ్డా, నేను తీగలు విప్పలే. గంతే, ఇంకేం లేదు. రెండు నిమిషాల పని. పోయి విప్పి వస్త" అని గీత వైపు నడిచాను.

సారిక నా ముందుకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"పక్కానా బాపు?"

"పక్కా. దాదాపు."

"దాదాపంటే నడవది. ఇంకోటేమన్న ఉంటే? కూసో."

"నాకు చెప్తున్నవా? నాకు?"

"నీకే. చెవి నా జేబుల ఉన్నది. కూసో బాపు."

నాకు ముందు తల తిరిగేంత కోపం వచ్చింది. అక్కడ ఇరవైమంది చూస్తున్నారు. బావిలో నేను ఎంతమందిని ఇట్లాగే చెయ్యి అడ్డం పెట్టి ఆపానో లెక్కలేదు. నన్ను ఆపినవాడు ఒక్కడూ లేడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడట. నా తల తన్నేదాన్ని నేనే కని, నేనే నేర్పి పెంచాను. కోపం ఎటు పోయిందో తెలియదు, వెళ్లి కూర్చున్నాను. కూర్చున్నాక నా ఛాతీ నాకే ఇరుకైపోయింది, అంత గర్వం వచ్చింది.

పది నిమిషాలు దాటగానే జగదీశ్వర్ గారు గడియారం చూసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. సారిక అటు చూడనైనా లేదు. అరగంట నిండాక ఒక్కతే వెళ్లింది, ముడి విప్పింది, క్లిప్పులు సరిచూసింది, తిరిగి వచ్చింది. చెవి తిప్పి మీట నొక్కింది.

బుస్సుమని లేచింది రాకెట్ సుసన్నా. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కన్నా పైకి పోయింది, తల ఎత్తి చూస్తుంటే నా టోపీ వెనక్కి పడిపోయింది. పైన చిన్న చప్పుడు వినిపించింది, ఎర్ర గొడుగు విచ్చుకుంది. ఊగుతూ ఊగుతూ వచ్చి రన్‌వే అంచున గడ్డిలో దిగింది. మా ఆవిడ సుసన్నా పరుగెత్తి వెళ్లి, మరమరాలు దులిపి, గుడ్డు పైకెత్తి చూపింది. ఎక్కడా చిన్న పగులు లేదు.

తర్వాత బల్ల దగ్గర అసలు సంగతి. మిస్‌ఫైర్ అయితే, అంటే మీట నొక్కినా అంటుకోకపోతే, కారణం ఒక ఫారంలో రాయాలి. జగదీశ్వర్ గారు రూలు చదివి వినిపించారు. "సామానులో లోపమైతే మధ్యాహ్నం ఇంకో అవకాశం ఇస్తాం. మనుషుల పొరపాటైతే ఇవ్వం. మీకు ఏది నిజమో అది రాయండి."

నేను సారిక చెవి దగ్గరికి వంగాను. "ఇగ్నైటర్ ఖరాబని రాయి బిడ్డా. తీగలు ఎవలు చూసిన్రు?"

పిల్ల నా వైపు తిరిగింది. "నువ్వు చూసినవ్ గద బాపు."

కలం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. "తీగల ముడి విప్పలేదు. కట్టినది మా నాన్న స్తెఫను. సరిచూడవలసినది నేను. చూడలేదు." సంతకం పెట్టింది. సాక్షి దగ్గర నన్ను పెట్టమంది. పెట్టాను. జగదీశ్వర్ గారు కింద "ఫెయిల్" అని రాశారు. రాసి, లేచి నిలబడి, రెండు చేతులతో దాని చెయ్యి పట్టుకున్నారు. "వచ్చే ఏడు తప్పకుండా రండమ్మా" అన్నారు.

ఇంటికి వచ్చాక సారిక ఆ రాకెట్‌ను మిగతావాటి పక్కన బీరువా మీద పెట్టి, గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చింది. మళ్లీ ఏడాది ఆగాలి మరి. సుసన్నా వీపు నిమిరింది. నేను మాత్రం ఇంకో సంగతితో కొట్టుకుంటున్నాను.

బావిలోనూ మిస్‌ఫైర్‌కు ఒక పుస్తకం ఉంటుంది. పదిహేనేళ్ల కింద ఒక షాట్ పేలలేదు. ఒక జత తీగలు నేనే సరిగా కలపలేదు. పుస్తకంలో మాత్రం, రంధ్రంలో మందు మీద మట్టి కూరేటప్పుడు బుచ్చన్న తీగ తెంపాడని రాశాను. బుచ్చన్న నా హెల్పర్. వాడిని కంపెనీ మూడు రోజులు పనిలోకి రావద్దంది. ఎవరు చూశారని అప్పుడూ అనుకున్నాను.

రాత్రి కంటిమీద కునుకు పడలేదు. సోమవారం పొద్దున్నే బెల్లంపల్లి బస్సెక్కాను. బుచ్చన్న రిటైరయ్యాక అక్కడ చిన్న కిరాణం పెట్టుకున్నాడు. నన్ను చూసి సంతోషపడి స్టూలు వేసి, చాయ్ తెప్పించాడు. చాయ్ ముట్టకుండా నేను చెయ్యవలసిన పని చేశాను. ముందు రన్‌వే సంగతి, ముడి, అరగంట, ఫారం, అన్నీ చెప్పాను. తర్వాత ఆ పాత షాట్ సంగతి చెప్పాను. "తీగ నువ్వు తెంపలే బుచ్చన్నా. తప్పు నాది. అబద్ధం రాసిన" అన్నాను.

బుచ్చన్న పొట్లం కట్టే కాగితాన్ని మడిచాడు, విప్పాడు.

"మూడు దినాలు నేను ఇంట్ల తలకాయ ఎత్తలే స్తెఫనూ" అన్నాడు చివరికి. "నా చేతుల పని పాడైందనుకున్న. గా దినం సంది మట్టి కూరేటప్పుడల్లా నా చెయ్యి వణికేది."

నేను తల దించుకున్నాను. ఏమన్నా పడదామనే వచ్చాను. అతను మాత్రం తిట్టలేదు. కళ్లు తుడుచుకుని, చల్లారిన చాయ్ నా చేతిలో పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"కన్న తండ్రి పేరు రాసి, దాని కింద తన పేరు రాసిందా?"

"రాసింది."

"ఎవలు చూడకున్నా?"

"ఎవలు చూడకున్నా."

"నిజం చెప్పు. గా పొల్ల నీ బిడ్డేనా?" అన్నాడు బుచ్చన్న.

"నా బిడ్డే" అన్నాను.