సూదులమ్మ అంటించిన చీటీ

చదివేవాళ్ళకి ముందుగా ఒక మాట. నా రాతలో ఎక్కడైనా వత్తులు జారిపోతే, ఏదైనా వాక్యం నడుం పట్టేసినట్టు వంగి ఉంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. రోజుకి అర పేజీ కంటే చెయ్యి సాగలేదు, అందుకే కథ కూడా నెమ్మదిగా నడుస్తుంది. మొదట "నేను" అని మొదలుపెట్టి మూడు కాగితాలు చించేశాను. సిగ్గేసింది. అందుకని "ఆవిడ" అని రాస్తున్నాను. కాస్త దూరం నుంచి చూస్తే ఎవరైనా నయంగానే కనిపిస్తారు.

లా కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు కూర్చునే గది మేడ మీద చివర ఉండేది. ఆరు బల్లలు, కాళ్ళు ఊగే ఒక స్టూలు, తలుపు పక్కన అద్దాల బీరువా. ఆ బీరువాలో బయటివాళ్ళ పుస్తకం ఒక్కటి కూడా పెట్టేవారు కాదు. అక్కడ పాఠం చెప్పినవాళ్ళు రాసినవే ఉండాలి. ఎవరి పుస్తకమైనా అచ్చయి వస్తే ఆ రోజు అందరూ లేచి నిలబడేవారు. బీరువా తెరిచి, రాసినవారి చేతులతోనే లోపల పెట్టించేవారు. ఆ తాళంచెవి మాత్రం ఆవిడ కొంగున ఉండేది.

ఆవిడ భర్త అక్కడే అటెండరు. ఆయన పోయాక ఆ పని ఆవిడకిచ్చారు. చదువు లేదు కాబట్టి రంగులే ఆవిడకి అక్షరాలు. ఎర్ర అట్ట హాజరు పుస్తకం, పచ్చ అట్ట సెలవుల పుస్తకం. బీరువాలో ఉన్నవాటిని ఒళ్ళూ ఎత్తూ చూసి గుర్తుపట్టేది. "ఆ లావుపాటి నీలం పుస్తకం ఇవ్వమ్మా" అంటే చిటికెలో తెచ్చేది. పేరు చెప్పి అడిగితేనే చిక్కు.

కిటికీ పక్క బల్ల పెద్ద మాస్టారిది. ఆయన ఎనిమిదేళ్ళుగా ఒకే పుస్తకం రాస్తున్నారు. ఒకరి స్థలంలోంచి ఇంకొకరు నడిచే దారి, ఒకరి బావిలో ఇంకొకరు తోడుకునే నీళ్ళు, ఒకరి గోడ అడ్డొస్తే ఇంకొకరి కిటికీకి ఆగిపోయే వెలుతురు, ఇలాంటి హక్కుల గురించి. రాసింది పైకి చదువుకుంటూ గదంతా తిరిగేవారు. వినేదానికి ఆవిడ తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

"ఏమ్మా, నీ ఇంటికి దారి పక్కవాడి స్థలంలోంచి ఉందనుకో. ఏళ్ళ తరబడి నడిచావు. ఒకరోజు వాడు కంచె వేశాడు. ఏం చేస్తావు?"

ఆవిడ తడిగుడ్డ పిండుతూ, "కంచె దాటి పోతాను సార్" అంది.

"కోర్టుకి పోవా?"

"ముందు ఇంటికి పోవాలి కదా సార్. పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటేనో?"

మాస్టారు పడీపడీ నవ్వారు. "ఈ మాట చెప్పడానికి నాకు నలభై పేజీలు పట్టిందమ్మా."

ఆయన రాసే పద్ధతి వేరు. అసలు మాటంతా పొడుగాటి కాగితాల మీద రాసేవారు. ఆ మాట ఏ తీర్పులో ఉంది, ఎవరన్నారు అనేది వేరే చిన్న చీటీ మీద రాసి, అది చేరాల్సిన చోట కాగితం అంచున గుండుసూదితో గుచ్చేవారు. అచ్చులో ఆ చీటీలే పేజీ అడుగున ఫుట్‌నోట్లవుతాయట. ఆ బల్ల ముళ్ళపందిలా ఉండేది. దాన్ని ఎవరూ ముట్టకూడదని నియమం. ఆవిడ కూడా బల్ల కాళ్ళ దాకానే తుడిచేది.

ఒక మధ్యాహ్నం అందరూ పరీక్షల హాళ్ళలో ఉండగా ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. కిటికీ మూయడానికి ఆవిడ పరుగెత్తేలోపే రెండు కాగితాలు లేచి నేల మీద పడ్డాయి. వాటినుంచి మూడు చీటీలు ఊడిపోయాయి. ఒక చీటీకి తుప్పు మరక ఉంది. ఒక కాగితం అంచున అదే మరక కనిపించింది. దాన్ని అక్కడే గుచ్చేసింది. మిగిలినవి రెండు చీటీలు, రెండు చోట్లు. ఒక కాగితం నల్ల సిరా, ఒకటి నీలం సిరా. ఒక చీటీ నలుపు, ఒకటి నీలం. ఆవిడకి ఇంక అనుమానమేముంది? నలుపుకి నలుపు, నీలానికి నీలం. బట్టకి గుచ్చినట్టు సూదిని రెండుసార్లు పైకీ కిందకీ లాగి మరీ గుచ్చింది, మళ్ళీ ఊడకుండా.

సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి గదిలో కేకలు. అప్పుడే ఉద్యోగంలో చేరిన చిన్న మేడమ్ కాలేజీ పత్రికకి వ్యాసం రాసింది. అందులో ఒక ఫుట్‌నోటు తప్పు.

"ఫుట్‌నోటంటే సాక్షమ్మా!" అంటున్నారు పెద్ద మాస్టారు. "సాక్షిని తీసుకెళ్ళి పక్కింటి కేసులో నిలబెడితే ఎలా? ఒక్క సాక్షి తేడా వస్తే మిగతా అందరినీ అనుమానించాల్సిందే. పుస్తకమంతా అబద్ధమే!"

"ఇంట్లో రాసుకున్న కాగితాలూ లైబ్రరీలో రాసుకున్న చీటీలూ కలిసిపోయాయి సార్. పెన్ను కూడా వేరు..."

"పెన్నుదేముంది? నేనూ ఇంట్లో ఒక పెన్నుతో రాస్తాను, లైబ్రరీలో ఏది దొరికితే దానితో రాస్తాను. చదివి గుచ్చాలి, రంగు చూసి కాదు!"

చిన్న మేడమ్ కళ్ళు తుడుచుకుంది. టీ తెచ్చిన ఆవిడ గ్లాసులు ఒక్కొక్క బల్ల మీదా పెడుతూ వింది. రంగు చూసి కాదట. ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. కానీ భర్త పోయి మూడేళ్ళు కాలేదు, ఇంట్లో పిల్లాడు, చేతిలో ఉన్నది ఆ ఒక్క పని. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ మాట రేపటి దగ్గరే ఇల్లు కట్టుకుని స్థిరపడిపోయింది.

మరుసటి ఏడాది పుస్తకం అచ్చయింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ కొంగుముడి విప్పి బీరువా తెరిచింది. మాస్టారు తెల్ల అట్ట పుస్తకాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు లోపల పెట్టారు. చప్పట్లు మోగాయి. ఆవిడకి మాత్రం ఆ పుస్తకం పొట్టలో ఎక్కడో ఒక సాక్షి పక్కింట్లో నిలబడి తనకేసి వేలు చూపిస్తున్నట్టే ఉంది.

కొన్ని నెలల తర్వాత మాస్టారు పుస్తకాల కట్టలన్నీ గదిలోకి దింపించి, "కాస్త మైదా జిగురు ఉడికించుకురామ్మా" అన్నారు. కాగితం చీటీలు ఒక దొంతర ఉన్నాయి, అన్నీ ఒకేలా అచ్చువేసినవి. ఆయన ఒక్కొక్క పుస్తకంలో పేజీ తెరిచి పెడుతుంటే ఆవిడ చీటీ అంటించింది. రెండు రోజులు పట్టింది.

"ఏంటి సార్ ఇవి?"

"దిష్టిచుక్కలమ్మా. మరీ ముద్దుగా ఉంటే పుస్తకానికి కూడా దిష్టి తగులుతుంది."

"చుక్క బుగ్గ మీద పెడతారు కానీ సార్, పొట్టలో పెడతారా?"

"బుగ్గ మీద పెడితే అందరూ చూస్తారు కదమ్మా" అన్నారాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఇంకో పుస్తకం తెరిచి పెడుతూ, "ఇకనుంచి నా చీటీలకి సూదులు నువ్వే గుచ్చు. ఎక్కడో నేను చూపిస్తాను. నువ్వు గుచ్చితే ఊడదు" అన్నారు.

తను గుచ్చడం ఈయనెప్పుడు చూశాడబ్బా అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో జిగురు చల్లారిపోతోందని పనిలో పడింది. ఆ రోజునుంచీ మాస్టారు ఆవిడని "సూదులమ్మా" అని పిలిచారు. గది గదంతా అలాగే పిలిచింది. తర్వాత ఆయన రాసిన మూడు పుస్తకాలకీ ఆవిడే సూదులు గుచ్చింది. ఆ గదిలో మధ్యాహ్నాలంటే ఇప్పటికీ ఆవిడ ముక్కుకి సిరా వాసనా, తడి నేల వాసనా కలిసి తగులుతాయి. ఆయన వేలుపెట్టి "ఇక్కడ" అనడం, ఆవిడ గుచ్చడం. "ఇక్కడ." టక్. "ఇక్కడ." టక్. అంతకంటే ఎక్కువ మాటలుండేవి కావు. ఆవిడ బతుకులో అంత నిమ్మళంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు. అయినా ఆ తెల్ల అట్ట పుస్తకం దుమ్ము దులిపినప్పుడల్లా గుండెలో ఒక సూది కదిలేది.

మాస్టారు పదవి దిగారు, కొన్నేళ్ళకి కన్నుమూశారు. ఆవిడకీ పని అయిపోయింది. కోడలి టైలరింగ్ షాపులో కూర్చుని హుక్కులూ కాజాలూ కుట్టుకుంటూ కాలక్షేపం చేసేది. ఒకరోజు చిన్న మేడమ్ నల్లకోటు చేతులు సరిచేయించుకోవడానికి వచ్చింది. ఇప్పుడామె కాలేజీకి పెద్ద, జుట్టు సగం నెరిసింది. అందరికీ ఇంకా చిన్న మేడమే.

"సూదులమ్మా, పెద్ద మాస్టారి మొదటి పుస్తకం వచ్చే ఏడాది మళ్ళీ అచ్చు వేస్తున్నాం!"

"తప్పులేమైనా ఉంటే దిద్దుతారా మేడమ్?"

"పోయినవాళ్ళ పుస్తకంలో మనం చెయ్యి పెట్టకూడదు కదా. ఆయన దిద్దమన్నది తప్ప ఇంకేదీ ముట్టుకోం."

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. అంటే తన తప్పు రెండోసారి కూడా అచ్చవుతుంది. మాస్టారి పేరు కింద, ఆయన లేని లోకంలో. చెప్పేద్దామా? అసలు తప్పు జరిగిందో లేదో తెలియదే! ఎవరి చేతనైనా చదివిద్దామంటే ముందు సంగతి బయటపెట్టాలి. కుదరదు. తన కళ్ళతోనే చూడాలి.

కోటు కొలతలు ముగిశాక, "అమ్మడూ, నాకు అక్షరాలు నేర్పు" అంది కోడలితో.

కోడలు టేపు మెడలో వేసుకుంటూ, "ఎందుకత్తయ్యా, ప్రేమలేఖలేమైనా వస్తున్నాయా?" అంది.

"వస్తే నీ చేత చదివించుకోవడం బాగోదు కదే. అందుకే."

కత్తిరింపు బల్ల మీద నల్లగుడ్డ పరిచి, గుర్తులు పెట్టే సుద్దతో కోడలు అక్షరాలు రాసింది. ఆవిడ దిద్దింది. "అత్తయ్యా, అది 'ఘ' కాదు, గాలిపటం" అని వెక్కిరించేది. వత్తుల దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. "కుట్టు మిషన్‌కి నూనె వేసినంత తేలిక అన్నావు కదే!" "మిషన్ ఎదురు మాట్లాడదత్తయ్యా!" ఎనిమిది నెలలకి వీధిలో బోర్డులు చదివింది. పదో నెలలో కాలేజీ మెట్లెక్కింది.

బీరువా అక్కడే ఉంది. చిన్న మేడమ్ తెల్ల అట్ట పుస్తకం తీసిచ్చి, "ఇది లా పుస్తకం సూదులమ్మా, మాకే కొరుకుడు పడదు" అంది.

"లా పుస్తకమైతే ఏం మేడమ్, అక్షరాలు అవే కదా."

మూడు రోజులు ఆ కాళ్ళు ఊగే స్టూలు మీదే కూర్చుని చదివింది. ఆ వానరోజు వారంలో మాస్టారు పైకి చదివింది బావి నీళ్ళ సంగతీ, కిటికీ వెలుతురు సంగతీ అని ఆవిడకి బాగా గుర్తు. ఆ రెండు చోట్లే వెతికింది. మూడో రోజు కిటికీ గురించి చెప్పే పేజీ దొరికింది. వేలు కిందకి దించింది. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది బావి తీర్పు. నీళ్ళు, చేద, గట్టు. వెలుతురు మాటే లేదు.

ముప్ఫై ఏళ్ళ అనుమానం నిజమైంది. కళ్ళు మసకబారాయి. పేజీ తిప్పి బావి సంగతి ఉన్న చోటు తెరిచింది. అక్కడ అంచున పచ్చబడిన చీటీ. తనే అంటించిన దిష్టిచుక్క. ఇంతకాలం దులిపింది, తుడిచింది, ఒక్కసారీ చదవలేదు. కూడబలుక్కుని చదివింది.

"ఈ పుట అడుగున ఉన్న సూచికా, కిటికీ వెలుతురు ప్రకరణంలోని మొదటి సూచికా తారుమారయ్యాయి. చదువరులు సవరించుకోగలరు. పొరపాటు గ్రంథకర్తది."

"గ్రంథకర్తది" దగ్గర రెండుసార్లు ఆగింది. వత్తు కోసం కాదు. ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన కాగితాలు ఆయన చూసి ఉంటారు. ఆయన సూది ఒక్కసారే గుచ్చుతారు. ఆ రెండు చీటీలకి మాత్రం సూది రెండుసార్లు పైకీ కిందకీ లాగి ఉంటుంది. అందుకే "నువ్వు గుచ్చితే ఊడదు" అన్నారు. తన తప్పు ఆయన మీద వేసుకుని, ఆ మాటని తన చేతనే, తను ఉడికించిన జిగురుతోనే అంటించారు. పైగా దిష్టిచుక్క అన్నారు!

చిన్న మేడమ్ వచ్చి చూసేసరికి ఆవిడ పైట చెంగుతో మొహం అద్దుకుంటోంది. వాన సంగతి నుంచి మొత్తం చెప్పేసింది.

"అంటే ఆ రోజు నన్ను అన్నన్ని మాటలన్న పెద్దమనిషి, మీ దగ్గరకొచ్చేసరికి కేసు మొత్తం తన మీద వేసుకున్నాడన్నమాట" అని చిన్న మేడమ్ నవ్వింది. "ఆ తప్పు ఆయన దిద్దమన్నదే కదా, కొత్త అచ్చులో సరిచేశాం. ఇంక ఆ చీటీ అక్కర్లేదు."

"అయితే ఆ చీటీ నాకిచ్చేయండి మేడమ్."

చిన్న మేడమ్ గోటితో అంచు లేపబోయింది. రాలేదు. తడిగుడ్డ అద్ది చూసింది. ఊహూఁ.

"ఏం జిగురు పెట్టారు సూదులమ్మా?"

"నేను అంటించింది ఊడదు మేడమ్. మాస్టారు ఆ మాట ముందే చెప్పారు."

చివరికి చిన్న మేడమ్ పుస్తకమే ఇచ్చేసింది. బీరువా తెరిచి ఖాళీ అయిన చోటు చూసుకుని, ఆవిడే తాళం వేసి, చెవి చిన్న మేడమ్ చేతిలో పెట్టి, మెట్లు దిగింది.

ఇట్లు,
సూదులమ్మ. వయసు అరవై ఏడు. కోడలి టైలరింగ్ షాపు పైన గదిలో ఉంటున్నాను. తెల్ల అట్ట పుస్తకం మిషన్ పక్కనే ఉంటుంది. రోజుకో పేజీ చదువుతున్నాను. కంచె దాటి ఇంటికి పోయే చోటికి ఇంకా రాలేదు.