మామగారికి మాత్రమే కనిపించిన సైటు

కళ్లజోళ్ల కొట్టును కొత్త వీధికి మార్చినప్పుడు మామగారు అల్లుణ్ణి నమ్మి మొదటిసారి ఒక పని అప్పగించారు. పాత సైటులో పాత వీధి పేరే ఉంది, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. కొత్త సైటు కట్టి, కొట్టు పేరు కొడితే అదే తెరుచుకునేలా చేయాలి. అల్లుడిది కంప్యూటర్ల ఉద్యోగమే. అయినా పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటేనే అతన్ని పిలిచేవారు.

కొత్త కొట్టు తెరిచే రోజు పొద్దున్నే అల్లుడు, కొట్టు పేరు కొడితే ఏ సైటు తెరుచుకోవాలో చెప్పే రికార్డు మార్చి కాలరెగరేశాడు. మామగారు కౌంటరు మీది కంప్యూటర్‌లో చూశారు. పాత వీధే!

"ఏంటిది బాబూ?"

"మార్పు ఇంటర్నెట్ అంతా పాకాలి మామయ్యా. కాస్త టైం పడుతుంది."

"పాకడానికి అదేమన్నా బీరతీగా?"

నిజానికి పాకేదేమీ లేదు. ఏ పేరుగల సైటు ఏ యంత్రంలో ఉందో ఒకసారి అడిగి తెలుసుకున్న సర్వర్లు, గడువు తీరేదాకా ఆ పాత జవాబే అందరికీ అప్పజెబుతాయి. ఇక్కడ ఆ గడువు ఒక రోజు. తెలివైనవాడు ముందుగానే దాన్ని కొద్ది నిమిషాలకు తగ్గించి పెట్టుకుంటాడు. మన మేధావి మాత్రం ఆ సమయాన్ని కొత్త సైటులో తన పేరు ఏ మూల వేసుకోవాలా అని ఆలోచించడానికి వాడుకున్నాడు.

తప్పు ఒప్పుకుంటే మళ్లీ ప్రింటరే గతి. అందుకే మామగారు మంచినీళ్లకు లేచినప్పుడు, ఆ ఒక్క కంప్యూటర్‌లో కొత్త సైటున్న యంత్రం అడ్రసు చేత్తో రాసిపెట్టాడు. ఇక అది ఏ సర్వర్‌నూ అడగదు.

మామగారు తిరిగొచ్చేసరికి కొత్త వీధి, కొత్త ఫోటోలు, మూలన అల్లుడి పేరు.

"శభాష్!" అన్నారు. ఆ ఊపులో, పాత కొట్టు తలుపుకు అంటించాలని 'కొట్టు కొత్త వీధికి మారింది' అని ప్రింటు తీయించిన కాగితాన్ని చింపేశారు. "ప్రపంచమంతా కనిపిస్తుంటే ఇదెందుకు?"

అల్లుడు ఆ ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాడు.

కొత్త కొట్టులో అద్దాలు తళతళలాడుతున్నాయి. ఒక్క మనిషీ రాలేదు. మధ్యాహ్నం దాటాక మామగారు తలుపు వైపు చూడటం మానేశారు.

"ఇన్నేళ్లూ నన్ను చూసి వస్తున్నారనుకున్నాను. వీధిని చూసి వచ్చేవారన్నమాట."

అల్లుడు తళతళలాడుతున్న అద్దాలనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది పాత కొట్టుకు ఎప్పుడూ వచ్చే ఒకావిడ, చెమటలు కక్కుతూ. "ఏమయ్యా, తాళమేసిన కొట్టు ముందు ఎంతమందిమి నిలబడ్డామో తెలుసా? పక్క టైలరు చెప్పబట్టి వచ్చాను గానీ!" అంటూ ఫోను ఆయన ముందు పెట్టింది. అందులో పాత వీధే.

మామగారు ఫోను చూశారు, కంప్యూటర్ చూశారు, ఆ తర్వాత అల్లుణ్ణి చూశారు.

"రేపటికి అందరికీ వచ్చేస్తుంది మామయ్యా. ఈలోగా మీరు బాధపడతారని..."

"రేపు ఈ కొట్టు మూతపడినా, నాకొక్కడికి తెరిచున్నట్టే చూపిస్తావు కదూ?"

పాత తలుపుకు అంటించే కాగితం మళ్లీ ప్రింటు తీయబోయారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. అల్లుడు గబగబా లేచాడు. మామగారు అతన్ని పిలవలేదు. పెన్ను తీసుకుని చేత్తో రాసుకుని, తానే పాత వీధికి బయలుదేరారు.