ఫిడేలు ఆగిన చోట

మా ఉగాది కచేరీ వీడియోలో పాడింది నేను. అయినా టోక్యో నుంచి వచ్చిన నలుగురు రాక్ బ్యాండ్ వాళ్లు అది చూసి కబురు పెట్టింది మాత్రం, నా పక్కన ఫిడేలు వాయించిన స్నిగ్ధకి. కడుపు మండిందా అంటే మండింది. దాచుకోవడం నాకు చేతకాదు.

"ఉమక్కా, ఖోబర్‌లో ప్రోగ్రామంట. ఏ ఊరెళ్లినా అక్కడివాళ్లని ఒకరిని కలుపుకుని వాయిస్తారంట. రిహార్సల్ కూడా ఉండదంట. నాకు భయమేస్తోంది, మీరూ రండి" అంది.

"రిహార్సల్ లేకపోతే దాన్ని కచేరీ అనరమ్మా, గోల అంటారు" అన్నాను.

సౌదీలో మేముండే ఈ రాస్ తనూరాలో స్నిగ్ధ తప్ప ఫిడేలు పట్టేవాళ్లు నాకు దొరకలేదు. ఈ పిల్ల అటు మరిగితే రేపు నా పక్కన ఎవరు కూర్చుంటారు? అదీ నా భయం. తను తడబడితే కళ్లారా చూద్దామనే వెళ్లాను.

వాళ్ల సైకడెలిక్ రాక్ మొదలవగానే మా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను గుర్తొచ్చింది. గిటార్ ఆయన ఒకే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తున్నాడు. డ్రమ్స్ అమ్మాయి బుద్ధి పుట్టినప్పుడు కొడుతోంది. సౌదీ కుర్రాళ్లు కళ్లు మూసుకుని ఊగిపోతున్నారు. స్నిగ్ధ తివాచీ మీద బాసింపట్టు వేసుకుని, వాళ్లు వాయించిందే బెదురుతూ తిరిగి వాయిస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో గిటార్ ఆయన ఇక నువ్వు కానీ అన్నట్టు తలూపాడు. స్నిగ్ధ కల్యాణి రాగంలో ఒక వరస వాయించి, కమాను ఎత్తేసి ఆగిపోయింది. మా కచేరీల అలవాటు అది. గాయని స్వరం పాడాలి, ఫిడేలు బదులిచ్చి ఆగాలి, మళ్లీ గాయని అందుకోవాలి. ఆ జపాను వాళ్లకి ఇదంతా ఏం తెలుసు? వాళ్లూ ఆపేశారు. హాలంతా నిశ్శబ్దం. స్నిగ్ధ ముందు వరుసలో ఉన్న నా వైపు చూసింది.

తర్వాతి స్వరం నా గొంతు దాకా వచ్చేసింది. అందుకుంటే గండం గట్టెక్కుతుంది. అందుకోకపోతే అంతమందిలో తన పరువు పోతుంది. పోనీ అనుకుని పెదాలు బిగించి కూర్చున్నాను.

స్నిగ్ధ కాసేపు చూసి, తల దించుకుని మళ్లీ కమాను ఆనించింది. అలాంటి కల్యాణి నేనెన్నడూ వినలేదు. దారి ఎక్కడికో తనకే తెలియనట్టు వెళ్లింది, జపాను వాళ్లు నలుగురూ తన వెనకే నడిచారు. ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని ఇదంతా ఎక్కడ దాచింది? ఏకు మేకవడమంటే ఇదే. చప్పట్లు నా చెవుల్లో సీసం పోసినట్టున్నాయి.

బయట కారు దగ్గర నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"మీరు పాడుంటే ఎప్పట్లాగే మీ వెనకే వచ్చేసేదాన్నక్కా. నాకోసం నోరు బిగబట్టుకుని కూర్చున్నారు. వచ్చే ఉగాదికి కూడా అలాగే నన్ను కాసేపు వదిలేస్తారా?"

సరేనన్నాను. కాదంటే ఇందాక ఎందుకు ఊరుకున్నానో చెప్పాలి మరి.