ఇల్లుబండికి కొత్త బ్యాటరీ

"ఇదంతా నీ కోసమేగా" అన్నాడు భర్త, లిథియం బ్యాటరీ పెట్టెను ఇల్లుబండి మెట్టు మీద దింపుతూ.

ఆమె లోపల అరలో గిన్నెలు సర్దుతోంది. 'నీ కోసం' అన్న మాట వింటే ఆమె గుండెల్లో రాయి పడుతుంది. వాషింగ్ మెషీన్ నీ కోసమే అన్నారు. అది వచ్చిన నెలకే మరిదిగారింటి దుప్పట్లూ వచ్చాయి. పెద్ద ఫ్రిజ్ నీ కోసమే అన్నారు. వారానికి సరిపడా కూరలు తరగడానికి ఆమె ఆదివారం కాస్తా దానికే పోయింది.

పడకలూ వంటగట్టూ ఉన్న ఈ వ్యాను కొన్న రెండేళ్లలో అయిదు ఊళ్లు తిరిగొచ్చారు. పాత బ్యాటరీకి రెండు లైట్లు, ఒక ఫ్యాను, అంతే ఓపిక. స్టవ్ పెడితే చతికిలబడేది. అందుకని రోడ్డు పక్కన ఎక్కడ పడితే అక్కడ తినేవాళ్లు. ఎవరో వండి, ఎవరో వడ్డించింది వేడివేడిగా ముందుకొస్తుంటే ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏడాది మొత్తంలో ఆమెకున్న సెలవు అదొక్కటే, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అత్తగారికి బయటి తిండి పడటం లేదన్నది మాత్రం అందరికీ తట్టింది. లిథియం వేస్తే ఇండక్షన్ స్టవ్ నడుస్తుంది, దారి పొడుగునా ఇంటి వంటే. రేపు పొద్దున్నే బయలుదేరాలి. ఈసారి మరిది, తోడికోడలు, వాళ్ల పిల్లలిద్దరూ కలిసి మొత్తం ఏడుగురు. "కోడలి చేతి వంట ఉంటే ఎంత దూరమైనా వస్తాను" అన్నారు అత్తగారు, నిజంగా ప్రేమగానే. తిట్టినవాళ్లకు బదులు చెప్పొచ్చు, ఇలా అన్నవాళ్లకు ఏం చెప్తాం.

భర్త కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. కరెంటు గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలడు. ఆమె కంట్రోల్ ప్యానెళ్లు చేసే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా వైర్ల కొసలకు లగ్గులనే రాగి తొడుగులు నొక్కుతోంది, రోజుకు మూడు వందలకు తక్కువ కాకుండా. ఇంట్లో దాన్ని 'తీగలు నొక్కే ఉద్యోగం' అంటారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు మగవాళ్లు సూపర్‌వైజర్లయ్యారు. ఆడవాళ్ల చేతికి ఓర్పు ఎక్కువనీ, అక్కడే ఉంటే కంపెనీకి మంచిదనీ మేనేజరు ఆమెను ఏటా మెచ్చుకుంటాడు.

మధ్యాహ్నానికి పనయిపోయిందన్నాడు భర్త. బ్యాటరీకి తగ్గ కొత్త చార్జరు, ఫ్యూజు అన్నీ సరిగ్గానే పెట్టాడు. వేలంత లావు వైర్లకు లగ్గుల్ని మాత్రం సుత్తితో కొట్టి బిగించాడు. ఇంకా బ్యాటరీకి కలపలేదు. ఆమె వంగి ఒక లగ్గును పట్టుకుని లాగింది. కంపెనీలో ప్రతి కొసనూ అలా లాగి చూడందే వదలరు. లగ్గు ఊడి చేతిలోకొచ్చింది.

"ఊడగొట్టేశావా?" అన్నాడు భర్త.

వాడు పొద్దుట్నుంచి ఒళ్లు హూనం చేసుకుంటే ఇది చిటికెలో పాడుచేసిందని అత్తగారు నిట్టూర్చారు.

ఆమె రెండోది లాగింది. అదీ వచ్చింది. ఎనిమిదింటిలో అయిదు ఊడాయి. వాటిని వరసగా మెట్టు మీద పెట్టి, వదులు కొసల్లోంచి అంత కరెంటు పోతే అవి వేడెక్కి అంటుకుంటాయనీ, రాత్రి ఏడుగురూ పడుకునేది వాటి మీదేననీ చెప్పింది. ఎంతైనా ఫిజిక్స్ చదివినవాడు, వాదించలేదు. ఇప్పటికిప్పుడు ఈ పని తెలిసిన మనిషిని ఎక్కడ వెతకాలని మాత్రం అడిగాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికెళ్లి లగ్గులు నొక్కే తన క్రింపింగ్ టూల్ తెచ్చుకుంది. "సాయంత్రం దాకా నన్నెవరూ పిలవకండి" అంది.

పెళ్లయ్యాక ఇంట్లో ఆమెను ఎవరూ పిలవకుండా గడిచిన మొదటి పూట అది. అన్నం భర్తే వండాడు. అడుగంటింది. ఎవరూ ఒక్క మాటన్లేదు. మగవాడు వండితే మాడు కూడా మురిపెమే మరి. ఆమె ఒక్కో కొస కత్తిరించి, లగ్గు తొడిగి, నొక్కి, బలంకొద్దీ లాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు. ఇంట్లో ఆమె చేసే పని రేపటికి మిగలదు, తింటారు, కడగాలి, మళ్లీ వండాలి. ఇది మాత్రం పదేళ్లు ఉంటుంది. ఆ ఆలోచనకు ఆమెకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

సాయంత్రం స్విచ్చి వేస్తే లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, అత్తగారి ఆయాసానికి ఆవిరిపట్టే మెషీన్, అన్నీ నడిచాయి. నా కోడలు ఇంజనీర్లకేం తీసిపోదని అత్తగారు పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నారు. భర్త స్టవ్ నొక్కాడు. వెలగలేదు.

"ఇదొక్కటి మర్చిపోయినట్టున్నావ్" అన్నాడు, కాస్త సంతోషంగానే.

"మర్చిపోలేదు. దానికి లైను ఇవ్వలేదు."

"అసలు బ్యాటరీ మార్చిందే దానికోసం కదా. మరి దారిలో ఏడుగురికి వంటో?"

ఆమె చేతికంటిన నలుపును గుడ్డతో తుడుచుకుంది.

"నేను వండను, నాక్కూడా ఇది సెలవే. వైరు పై అరలో పెట్టాను. వండేదెవరో మీలో మీరు తేల్చుకుని చెప్పండి, అయిదు నిమిషాల్లో కలిపిస్తాను."