చవక హెడ్‌ఫోన్ల తీర్పరి

మా ఆయనవి బంగారు చెవులట. ఆ మాట నాది కాదు, ఆయన వీడియోల కింద జనం రాసేది. చవక హెడ్‌ఫోన్లలో ఏది కొనాలో తేల్చుకోలేక తికమకపడే వాళ్ళందరికీ ఆయనే దిక్కు. పగలంతా సిమెంటు కంపెనీలో బిల్లులు రాస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా గదిలో దూరి తలుపేసుకుంటాడు. ‘చెవుల మాస్టారు’ అని ముద్దుపేరు కూడా పెట్టారు. అంత గొప్ప చెవుల మనిషికి, కన్నకూతురి ఎడమ చెవి ఏడాదిగా పనిచెయ్యడం లేదన్న సంగతి తెలియలేదు. తెలియకపోతే పోనీ అని సరిపెట్టుకుందును. అది నోరు విప్పి చెబితే తిట్టాడు. అక్కడ మండింది నాకు. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. రబ్బరు ముక్కలు, పెన్సిలు ముక్కలు, ఏది దొరికితే అది పరుపు కింద దాచుకుంటుందని ఉడత అని పిలుస్తాం. మాటకి మాట చెప్పే పిల్ల. అలాంటిది ఈ ఏడాది ఉన్నట్టుండి నెమ్మదైపోయింది. పెద్దదవుతోంది, బుద్ధొస్తోంది అనుకున్నాం. బుద్ధా, నా మొహమా!

ఆయన పద్ధతి చెబుతాను వినండి. ఇంచుమించు ఒకే ధరలో మూడు జతలు తెప్పిస్తాడు. ఒకే పాట మూడింటిలోనూ వింటాడు. డప్పు దెబ్బ గుండెకి తగులుతోందా, పాడే మనిషి ఎదురుగా ఉన్నట్టుందా, లేక గోనెసంచిలో దూరి పాడినట్టుందా, సన్నటి శబ్దాలు చెవిలో సూదుల్లా గుచ్చుతున్నాయా అని చూస్తాడు. ఆ తర్వాత సుఖం సంగతి. గంటసేపు పెట్టుకుంటే చెవులు ఉడికిపోతాయా, కళ్ళజోడు కాడల మీద నొక్కుతుందా, నడినెత్తిన పట్టీ దిగబడుతుందా, తల వంచితే జారి ముక్కు మీదికొస్తుందా అని చూస్తాడు. ఇదంతా నిజాయితీగానే చేస్తాడు, అబద్ధమెందుకు ఆడాలి. కంపెనీవాళ్ళు ఊరికే పంపిన సరుకైనా సరే, చెత్త అయితే మొహం మీదే చెత్త అంటాడు.

అన్నీ అయ్యాక చివర్లో మా ఉడత వస్తుంది. “పిల్లలు అబద్ధం చెప్పరు కదండీ, అసలు తీర్పు ఇప్పుడు” అని ఆయన కెమెరాతో అంటాడు. ఉడత ఒక్కో జతా పెట్టుకుని, చెవులు నొప్పెడుతున్నాయో లేదో, రెండు పక్కలా శబ్దం సమానంగా ఉందో లేదో చెబుతుంది. ఆ తీర్పు కోసమే వీడియో చివరిదాకా చూసేవాళ్ళున్నారట. ఎవరెవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు మా పిల్ల మాట నమ్మి హెడ్‌ఫోన్లు కొన్నారు. దాని మాట నమ్మనిది దాన్ని కన్న తండ్రి ఒక్కడే.

పోయిన వానల్లో దానికి జలుబు చేసి, జ్వరమొచ్చి, చెవిపోటని రాత్రంతా ఏడ్చింది. మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేశాను. పోటు తగ్గింది. తగ్గితే పోయిందనే కదా ఎవరైనా అనుకునేది! దసరా సెలవులయ్యి బడి తెరిచాక క్లాసు టీచరు నాకు ఫోను చేసింది.

“మీ అమ్మాయికి పొగరెక్కువైందండీ. పిలిస్తే పలకదు, వినపడనట్టు నటిస్తుంది. అందుకే కుడివైపు గోడ పక్కకి మార్చాను. కాస్త మీరూ చెప్పండి” అంది.

అంటే ఏమైంది? క్లాసు మొత్తం దాని చెడ్డ చెవి వైపుకొచ్చింది. వినపడని పిల్లని ఇంకా వినపడని చోట కూర్చోబెట్టి, వినడం లేదని తిట్టడం. ఆ టీచరు ఎదురుపడితే కడిగిపారేద్దామని ఇప్పటికీ ఉంది. కానీ బయటివాళ్ళని అని ఏం లాభం? ఇంట్లో ఉన్న చెవుల మాస్టారు ఆ రోజు పిల్లని పక్కన నిలబెట్టుకుని, పెద్దవాళ్ళ మాట పెడచెవిన పెట్టకూడదని అరగంట పాఠం చెప్పాడు. ఏ పక్కన నిలబడి చెప్పాడో నాకు గుర్తులేదు. ఎడమ పక్కే అయ్యుంటే దానికి ఆ సోదైనా తప్పి ఉండేది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం సంగతి ఇది. ఆయన కెమెరాకి బాటరీ మారుస్తున్నాడు. ఉడత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కొత్త జతల్ని ముందుగా ఒకసారి పెట్టి చూసుకుంటోంది. నేను ఆరిన బట్టలు మడతపెడుతూ దాన్నే చూస్తున్నాను. హెడ్‌ఫోన్ తలకి పెట్టుకుంది. కాసేపు విని తీసేసింది. దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, ఎడమ డబ్బా కుడి చెవి మీదికొచ్చేట్టు మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ విని, తల ఊపి, పక్కన పెట్టింది. రెండో జతా అంతే. మూడోదీ అంతే.

“అదేంటే, తిరగేసి పెట్టుకుంటున్నావు?” అన్నాను.

“ఎడమ పక్కది కూడా వినాలి కదమ్మా.”

“పెట్టుకున్నప్పుడు రెండూ వినపడతాయి కదే.”

అది తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. “నాకు ఈ చెవిలో పాట రాదమ్మా. నాన్నకి చెప్పకు. మొదట్లో చెప్తే తిట్టాడు. ఒక పక్క రావట్లేదు అంటే, ఆయన పెట్టుకుని చూసి, బాగానే వస్తోంది కదా, ధ్యాస ఎక్కడ పెట్టావ్, నీ వల్ల మళ్ళీ మొదట్నించీ తియ్యాలి అన్నాడు. ఇంకోసారి కూడా అలాగే అన్నాడు. అందుకే ఇలా తిప్పి వింటున్నా.”

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. దాని కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసి, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, పుట్టినరోజుకి సైకిలు కొనిపెడతానని చెప్పాను. సైకిలు కోసం రెండేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్న పిల్ల అది. కిటికీలోంచి ఎదుటి మేడ మీద పావురాల్ని చూస్తూ కూర్చుంది.

“ఏమండీ, ఇలా రండి.”

“లైటు పోతోందే. తర్వాత మాట్లాడుకుందాం.”

“లైటు తర్వాత. దీనికి ఎడమ చెవి వినపడట్లేదు.”

నవ్వాడండీ! “దానికి మన మాట ఏ చెవికి వినపడిందిలే” అన్నాడు. మళ్ళీ పిల్ల చెవి మూసి, ఆయన చేతే మాట్లాడించాను. మొదట మెల్లగా పిలిచాడు. కొంచెం గట్టిగా పిలిచాడు. అది పలకలేదు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. మంచం మీద కూలబడ్డాడు. పాపం అనిపించబోయింది నాకు. అంతలో ఆయన నోరు తెరిచాడు.

“అయితే... పోయిన వానల నుంచి మనం పెట్టిన వీడియోల్లో ఉడత తీర్పులన్నీ తప్పేనా?”

ఒళ్ళు భగ్గుమంది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని మీరు అనే తప్ప ఇంకోలా పిలిచి ఎరగను.

“నీ వీడియోలు తగలెయ్య! పిల్ల చెవి పోయిందిరా దేవుడా అంటే, హెడ్‌ఫోన్ల లెక్క తీస్తావా? గుడ్డివాడికి కూడా తెలిసేదే కదా ఇది, ప్రతి జతలోనూ ఒకే పక్క రాదంటే తప్పు జతలో ఉంటుందా, చెవిలో ఉంటుందా? అంత తెలివిగలవాడివి, ఆ ముక్క తట్టలేదా నీకు?”

 ఆ మాటకి జవాబిచ్చింది ఉడత.

“తప్పు కాదు నాన్నా. నేను తిప్పి పెట్టుకుని రెండు పక్కలూ విన్నాను. అన్నీ కరెక్టుగానే చెప్పాను” అంది. తండ్రి పరువు కాపాడుతోంది, పిచ్చి ముండ. దాన్ని దగ్గరికి తీసుకున్నానే గానీ, కళ్ళనీళ్ళు రాలేదు. అంత కోపంలో ఏడుపెక్కడ వస్తుంది!

మర్నాడు సెలవు పెట్టించి ఇద్దర్నీ చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ సన్నటి గొట్టం పెట్టి చాలాసేపు చూసింది. జలుబుకి చెవి లోపల చేరిన నీరు జిగురులా గడ్డకట్టి, కర్ణభేరిని లోపలికి లాగేసిందట. వెనకాల ఉండే చిన్న ఎముకలు అరగడం మొదలైందట. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చామని ఆవిడ అనలేదు, ఆవిడ చూపు అంది.

“ఆపరేషన్ తప్పదు. కానీ లోపలి నరం ఎంత బాగుందో తెలియాలి. నరం బాగుంటే వినికిడి చాలావరకు తిరిగొస్తుంది. పక్క గదిలో పరీక్ష చేయించుకుని రండి. ఎలా చెయ్యాలో దాన్ని బట్టే చూస్తాను” అంది.

పక్క గదిలో అద్దాల పెట్టెలాంటి చిన్న గది ఇంకొకటి ఉంది. పరీక్ష చేసే అమ్మాయి ఉడతని అందులో కూర్చోబెట్టి, పెద్ద హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చింది. “శబ్దం వినపడితే నొక్కు, లేకపోతే నొక్కకు, సరేనా?” అని చెప్పి బయటికొచ్చి తన మీటల ముందు కూర్చుంది. ఆ అమ్మాయి వెనకాల మేమిద్దరం అద్దానికి ఎదురుగా నిలబడ్డాం. కుడి చెవి చక్కగా అయిపోయింది. ఎడమ చెవి మొదలుపెట్టగానే ఉడత టకటకా నొక్కడం మొదలెట్టింది.

“ఇదేంటండీ, నేను శబ్దం పంపనప్పుడు కూడా నొక్కుతోంది పాప” అంది ఆ అమ్మాయి. “ఇలాగైతే ఈ చెవి బాగానే ఉన్నట్టు వస్తుంది. డాక్టరుగారికి ఏమని రాసివ్వను?”

నేను పిల్ల మొహం చూశాను. అది చూస్తున్నది ఆయన్ని. ఆ అమ్మాయి మీట తిప్పినప్పుడల్లా ఆయన కనుబొమ్మలు పైకి లేస్తున్నాయి, మెడ ముందుకి సాగుతోంది, వినపడాలి వినపడాలి అని లోపల మొక్కుకుంటున్నవాడిలా. అది చూసి పిల్ల నొక్కుతోంది. తండ్రికి ఏ జవాబు కావాలో ఆ జవాబు ఇస్తోంది. ఏడాదిగా అదే కదా నేర్పాడు దానికి.

“మీ మొహం చూసి నొక్కుతోంది. వెళ్ళి చెప్పండి దానికి. తిట్టిన నోటితోనే చెప్పండి” అన్నాను.

ఆయన తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలుపు ఓరగా ఉండడంతో మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

“వినపడకపోతే నొక్కొద్దు నాన్నా. ఏం పర్లేదు.”

“నొక్కకపోతే మళ్ళీ మొదట్నించీ తియ్యాలి కదా? నీకు పని దండగ అవుతుంది కదా?” అంది ఉడత.

 ఆయన పిల్ల మోకాళ్ళు రెండూ పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అది ఇంకా అనుమానంగానే చూసింది. “నిజంగా తిట్టవా?” అని అడిగింది. తిట్టనన్నాడు. “నీకు వినపడలేదంటే నేను నమ్ముతానమ్మా” అన్నాడు. ఎంత చిన్న మాట అది! ఆ మాట చెప్పడానికి ఈ మనిషికి ఏడాది పట్టింది.

బయటికొచ్చి, కుర్చీ లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, పిల్లకి మొహం కనపడకుండా. భుజాలు కదులుతున్నాయి. నేను చెయ్యి వెయ్యలేదు. నాకింకా కోపం తగ్గలేదు, ఇప్పట్లో తగ్గదు కూడా.

ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. సన్నటి శబ్దం పంపింది, మీట పక్కన చిన్న దీపం వెలిగి ఆరింది. ఉడత కదల్లేదు. ఇంకొంచెం పెంచింది, మళ్ళీ దీపం వెలిగింది. ఉడత ఒకసారి ఆయన వీపు చూసింది, ఒకసారి నన్ను చూసింది, ఆ తర్వాత కళ్ళు మూసుకుంది. శబ్దం పెరుగుతూ పోతోంది. పిల్ల బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా, అలాగే కూర్చుంది.